దాచుకున్న పాపం: ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు విశ్వాసులవే. ఒకరిది డబ్బు గొడవ, ఒకరిది ఫోను, ఇంకొకరిది పాత జ్ఞాపకం. చివరికి అందరూ అడిగింది మాత్రం ఒకటే: దేవుని దగ్గర ఒప్పుకున్నాం, ఇంకెవరికైనా చెప్పాలా? అందుకే ఒకచోట చేర్చాం. పేర్లు తీసేశాం. మనిషి ఎవరో తెలిసిపోకుండా ఊళ్లు, మొత్తాలు అక్కడక్కడ మార్చాం.

ప్రశ్న: సంఘంలో నాలుగేళ్లుగా కోశాధికారిని. కోత పండుగ కానుకల్లోంచి, మందిరం పైకప్పు నిధిలోంచి అప్పుడప్పుడు వాడుకున్నాను. మళ్లీ పెట్టేద్దామనే తీశాను గానీ పెట్టలేకపోయాను. అంతా కలిపి 18 వేలు. ఎవరికీ తెలియదు. ప్రభువు ముందు ఏడ్చి ఒప్పుకున్నాను. ఆ డబ్బు పేరు చెప్పకుండా కానుకల పెట్టెలో వేసేస్తే సరిపోతుందా? – ఒక సోదరుడు, కాశీనగర్ వైపు

జవాబు: సరిపోదు సోదరా. డబ్బు తీయడంతో ఆగలేదు మీరు, లెక్క కూడా తప్పు రాశారు. పెట్టెలో పడిన 18 వేలు ఆ వారం కానుకగా జమ అవుతుంది. పైకప్పు నిధిలో లోటు ఎక్కడిదక్కడే ఉంటుంది. రేపు ఎవరో పాత పుస్తకాలు తిరగేస్తే అది మీ తర్వాత వచ్చిన కోశాధికారి మెడకు చుట్టుకుంటుంది.

లేవీకాండం 6వ అధ్యాయంలో మొదటి 7 వచనాలు నిదానంగా చదవండి. నమ్మి అప్పగించిన సొత్తు విషయంలో బొంకినవాడు ఏం చేయాలో వరుసగా ఉంది. అసలు ఇవ్వాలి, అందులో అయిదో వంతు దానికి కలపాలి, అపరాధ పరిహార బలి తెచ్చే రోజునే సొత్తుదారుడికి ముట్టజెప్పాలి. 18,000లో అయిదో వంతు 3,600. అంతా కలిపి 21,600. కృప కింద ఉన్నవాళ్లకు అయిదో వంతు ఏమిటని కొందరు అడుగుతారు. క్షమాపణకు వెల క్రీస్తు ఎప్పుడో చెల్లించాడు, ఆ 3,600తో మీరు కొనేదేమీ లేదు. అది నష్టపోయినవాళ్ల కోసం. పైకప్పు రెండు వానాకాలాలు కారితే ఆ నష్టం 18 వేలతో పూడదు కదా. జక్కయ్య అయితే నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), ఎవరూ అడక్కుండానే.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. కానుకల పుస్తకం, రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. ఏ తేదీన వసూలు ఎంత, బ్యాంకులో వేసింది ఎంత, తేడా ఎంత అన్నది ఒక కాగితం మీద రాయండి. గుర్తు రాని చోట ఎక్కువ వైపే రాయండి. ఇలాంటి లెక్కలో జ్ఞాపకం ఎప్పుడూ మన పక్షమే. 18 అనుకున్నది కూడితే 23 కావడం కొత్తేమీ కాదు. అలా అయితే అయిదో వంతు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

కాగితం సిద్ధమయ్యాక పాస్టరు గారిని, ఒక సంఘ పెద్దను ఒకేసారి కలవండి. పాస్టరు గారికి ఒక్కరికే చెబితే ఆయన్ని ఇరుకున పెట్టినట్టే: దాస్తే మీతో పాటు ఆయనా భాగస్థుడు, బయటపెడితే నమ్మి చెప్పిన మాట పొక్కించినవాడు. చెప్పే మాటలు నాలుగే ఉండాలి. తీశాను, ఇంత తీశాను, ఇన్నాళ్లుగా తీశాను, ఇలా తీరుస్తాను. పిల్లల ఫీజు, ఆసుపత్రి బిల్లు లాంటి కారణాలుంటే అవి అప్పుడే ఎత్తకండి. అవి నిజమే అయినా ఒప్పుకోలులో కారణం ముందొస్తే వినేవాడికి అది సాకులాగే వినిపిస్తుంది. అడిగితే చెప్పండి.

డబ్బు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. సంఘం ఖాతాలో వేసి, 'పైకప్పు నిధి, పాత లోటు తిరిగి జమ' అని రసీదు రాయించుకోండి. ఒక్కసారిగా లేకపోతే నెలకు 1,800 చొప్పున 12 నెలల్లో తీరుతుంది. ఇది తీర్చడానికి మాత్రం వేరే అప్పు చేయకండి. మైక్రోఫైనాన్స్ వాయిదా కట్టలేని నెలలో చెయ్యి మళ్లీ ఆ పెట్టె వైపే వెళుతుంది. దశమ భాగం ఆపి అందులోంచి సర్దడం కూడా అంతే, సంఘానికి రావలసిన దానితో సంఘం బాకీ తీర్చడం.

అదే రోజు పదవి వదలండి. పెద్దలు 'పర్వాలేదు, ఉండండి' అన్నా వినకండి. ఆరాధనకు రావడం, పాట పాడటం, ప్రార్థన చేయడం మానక్కర్లేదు. డబ్బు ముట్టుకోవడం ఒక్కటే మానాలి.

సంఘమంతటికీ చెప్పాలా అన్నది పెద్దలు తేల్చాల్సిన విషయం. అయితే లోటు సంగతి ఇప్పటికే గుసగుసలుగా తిరుగుతూ వేరొకరి మీద అనుమానం పడి ఉంటే ఆలోచించడానికేమీ లేదు. ఆ మనిషి ఇంటికి వెళ్లి ముందు ఆయనకు చెప్పండి. ఆ తర్వాత సంఘం ముందు ఆయన పేరు మీ నోటితోనే కడిగేయండి. ఈ పని డబ్బు కట్టడం కన్నా ముందే జరగాలి.

ఇది చదివే పెద్దలకూ ఒక మాట. ఏళ్ల తరబడి ఒకే మనిషి ఒక్కడే కానుకలు లెక్కపెట్టి, తన ఇంట్లోనే ఉంచుకుని, వీలైనప్పుడు బ్యాంకుకు వెళ్లడం చాలా చోట్ల చూస్తాం. అతన్ని శోధనలో నిలబెట్టింది మీరే. ఆరాధన కాగానే మందిరంలోనే, చుట్టరికం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్నో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం అది బ్యాంకులో పడాలి. యెరూషలేము పేదల చందా తీసుకెళ్లేటప్పుడు అపొస్తలుడైన పౌలే తన మీద ఎవరూ నింద మోపకూడదని తోడు మనుషుల్ని పెట్టాడు (2 కొరింథీ 8:18–21). మన కోశాధికారి పౌలు కన్నా గట్టివాడా?

ప్రశ్న: నాన్న నాటి నుంచి కొండ సంతల్లో చింతపండు, జీడిపిక్కలు కొంటాం. నిజంగా కిలో ఉంటే 900 గ్రాములే చూపేలా కాటా ఉంచుకునేవాళ్లం. ఇక్కడి షావుకార్లు చాలామంది చేసేదే. పోయిన ఏడాది రక్షణ పొందాను, కాటా సరిచేశాను. పాతది ఎవరికని ఇవ్వను? అమ్మినవాళ్లు కొండమీది సవరలు, సగం మంది పేర్లు కూడా తెలియవు. ఒక్క పోయిన సీజను చింతపండే పుస్తకంలో 3,600 కిలోలు ఉంది, కిలో 40 రూపాయలు. – ఒక వ్యాపారి, గజపతి జిల్లా

జవాబు: ఎంత ఇవ్వాలో తేలనిదే ఎవరికన్న ప్రశ్న ముందుకు సాగదు. కిలోకు 100 గ్రాములు గనక 3,600కు 360 అని వేస్తారు చాలామంది, అది తప్పు. మీ కాటా 900 చూపినప్పుడు సంచిలో 1,000 గ్రాములు ఉంది. కాబట్టి పుస్తకంలోని 3,600 కిలోలు నిజానికి 4,000. మిగిలింది 400 కిలోలు, 40 చొప్పున 16,000 రూపాయలు. అయిదో వంతు 3,200 కలిపితే 19,200. మిగతా సీజన్లకూ జీడిపిక్కలకూ ఇదే పద్ధతి. తరుగు పేరు చెప్పి క్వింటాకు ఇన్ని కిలోలని కోసింది కూడా న్యాయంగా పోయిన తరుగు కన్నా ఎక్కువైతే లెక్కలోకి రావాలి. కాటా సరిచేసి తరుగులో రాబట్టుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

'దొంగత్రాసు యెహోవాకు హేయము' అన్న సామెత 11:1 షావుకార్లందరికీ కంఠతా వచ్చు. అది కొనేవాడి త్రాసుకూ వర్తిస్తుందన్న సంగతే మరుపు.

ఏటా మీ దగ్గరికే వచ్చేవాళ్లు ఉంటారు. సగం మంది పేర్లు తెలియవన్నారంటే సగం మంది తెలుసన్నమాట. వాళ్లకు నేరుగా ఇవ్వాలి. సంతలో హడావుడిగా చేతిలో నోటు పెట్టేసి రాకండి, ఎందుకిస్తున్నారో వాళ్లకు అర్థం కాదు, షావుకారి దయ అనుకుంటారు. సవర భాష వచ్చిన ఒకరిని వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి, ఆ ఊరి పెద్ద ముందు 'నా కాటా తప్పు చూపింది, నాకు తెలిసే చూపింది, ఇది మీ డబ్బు' అని చెప్పండి. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. తోటి షావుకార్లకు కోపం వస్తుంది, కేసు పెట్టేవాళ్లూ ఉండొచ్చు. అందుకే వెళ్లేముందు నమ్మకమైన వకీలుతో ఒకసారి మాట్లాడి వెళ్లండి. అది పిరికితనం కాదు. వకీలు వద్దన్నాడని ఊరికే కూర్చుంటే మాత్రం పిరికితనమే.

ఎవరో తెలియనివాళ్ల వాటా సంగతి. సొత్తుదారుడూ అతని బంధువూ లేనప్పుడు ఆ సొమ్ము యెహోవాదై యాజకునికి చెందుతుందని సంఖ్యాకాండం 5:8 అంటుంది. అంటే ఏ పరిస్థితిలోనూ అది తీసినవాడి దగ్గర మిగలకూడదు. అలాగని మన మందిరానికి ఇచ్చేయమని మేం చెప్పం. సవరల చింతపండు డబ్బుతో తెలుగువాళ్ల మందిరానికి టైల్స్ వేయడం న్యాయం అనిపించుకోదు. ఆ కొండల మనుషులకే చేరాలి. సెరంగో లాంటి మిషను ఆసుపత్రిలో బిల్లు కట్టలేని కొండ రోగి పేరున కట్టవచ్చు. బడి పిల్లలకు పుస్తకాలు కొనవచ్చు. మీ పేరుతో బోర్డు మాత్రం పెట్టించకండి, ఇది దానం కాదు.

ఇకమీదటి సంగతి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించండి. ముద్ర ఉన్న 5 కిలోల తూకపు రాయి ఒకటి కాటా పక్కనే ఉంచండి. అమ్మవచ్చిన మనిషి తనే ఎత్తి పెట్టి చూసుకుంటాడు. అంకెలు చదవడం రానివాళ్లకు కూడా 5 ఎలా ఉంటుందో తెలుసు. బుట్ట బరువు వాళ్ల ముందే తూచి తీసేయండి.

ప్రశ్న: వయసు 24. రాయగడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని, అద్దె గదిలో ఒంటరిగా ఉంటాను. రాత్రుళ్లు ఫోన్లో చూడకూడనివి చూస్తున్నాను. ఈసారి 40 రోజుల ఉపవాసం మొక్కుకున్నాను, 9వ రోజుకే పడిపోయాను. వచ్చే మే నెలలో పెళ్లి. పెళ్లయితే పోతుందా? ఆ అమ్మాయికి చెప్పాలా?

జవాబు: తమ్ముడూ, పెళ్లితో పోదు. పెళ్లయిన ఎంతోమంది ఇదే ప్రశ్న రాస్తున్నారు.

నీ మొక్కుబడి ఎక్కడ బెడిసికొట్టిందో చూడు. నైట్ షిఫ్టు దిగి, ఖాళీ కడుపుతో, నిద్ర లేక, ఎవరూ లేని గదిలో, దిండు పక్కన ఫోను పెట్టుకుని పడుకున్నావు. పడిపోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దూత చేసిన మొదటి పని రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనివ్వడం (1 రాజులు 19). ఈ కొన్ని నెలలు ఉపవాసం ఆపి, వేళకు అన్నం తిను, షిఫ్టు దిగాక నేరుగా నిద్రపో. ఉపవాసం మంచిదే. నీకు ఇప్పుడు మందు అది కాదు.

ఆకాను ఒప్పుకోలు చదివావా? యెహోషువ 7:21. చూశాడు, ఆశించాడు, తీసుకున్నాడు, దాచాడు. నీ పోరాటమంతా మూడో మెట్టు దగ్గర జరుగుతోంది, చేతిలో ఫోను వెలుగుతుండగా. అక్కడ గెలిచేవాళ్లు అరుదు. మొదటి మెట్టు దగ్గర ఆపాలి. ఫ్యాక్టరీ నుంచి పిలుపు వస్తుందేమోనని ఫోను దగ్గర ఉండాలంటావేమో, అందుకు వెయ్యి, పదిహేను వందల్లో ఒక బటన్ ఫోను కొని ఆ సిమ్ము అందులో వెయ్యి. స్మార్ట్‌ఫోను రాత్రి ఇంటి యజమాని దగ్గరో, పక్క గది సోదరుడి దగ్గరో ఛార్జింగ్‌కు పెట్టు. నిద్ర లేవడానికి రెండు వందల అలారం గడియారం చాలు.

ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అందులో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్ చిరునామా టైప్ చేస్తే చాలా సైట్లు తెరుచుకోవు. దీనికి ఖర్చు లేదు. వీపీఎన్ యాప్ వేస్తే ఈ కాపలా పోతుంది. అందుకే కొత్త యాప్‌లు వేసే పాస్‌వర్డు వేరొకరి దగ్గర ఉండాలి. టెలిగ్రామ్ ఛానెళ్లను ఇది ఆపదు, ఆ యాప్ తీసెయ్యి. ఇవన్నీ చేసినా కోరిక చావదు, పొరపాటున వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి వెళ్లిపోయిన దయ్యం ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన సంగతి ప్రభువే చెప్పాడు (మత్తయి 12:43–45). ఆ ఖాళీ సాయంత్రాల్లో మనుషులుండాలి. క్యారమ్స్ ఆడు, గృహ కూడికకు వెళ్లు, వంట నేర్చుకో.

ఒక మనిషికి చెప్పు. నీకన్నా పెద్దవాడు, పెళ్లయినవాడు, నోరు జారనివాడు. నీతో పాటే పడుతున్న స్నేహితుడొద్దు, ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుంటూ అక్కడే ఉండిపోతారు. వారానికి ఒక రోజు, ఒక వేళ పెట్టుకోండి. ఆయన అడగాల్సినవి రెండే: ఈ వారం ఏం చూశావు? ఇప్పుడు నాతో చెప్పిన దాంట్లో అబద్ధం ఉందా? పడితే వారం దాకా ఆగకుండా ఒక రోజులోపు చెప్పెయ్యాలి. పడిన వెంటనే 'ఎలాగూ పాడైంది' అన్న ఆలోచన వస్తుంది. ఒక్క రాత్రి పది రాత్రులయ్యేది ఆ ఆలోచనతోనే. ఇకనుంచి 'జన్మలో చూడను' అని దేవునికి మొక్కకు. చెల్లించలేని మొక్కుబడి కన్నా మొక్కకపోవడమే మేలని ప్రసంగి 5:5.

ఆ అమ్మాయికి చెప్పాలి, అదీ ప్రధానం (నిశ్చితార్థం) జరగక ముందే. తారీఖులు, బొమ్మల వివరాలు వద్దు, అవి ఆమె మనసులో ఉండిపోతాయి. ఈ అలవాటు ఉంది, ఇన్నాళ్ల నుంచి ఉంది, ఫలానా అన్నకు చెప్పాను, ఇవి చేస్తున్నాను. ఇంతే. ఆమె కాదంటే కాదనే హక్కు ఆమెకుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ రమ్మీలో 2 లక్షల 40 వేలు పోగొట్టుకున్నాను. లోన్ యాప్‌లు, స్నేహితులు, చిట్టీ డబ్బు. భార్యకు తెలియదు. ముందు సగమైనా తీర్చి తర్వాత చెబుదామనుకుంటున్నాను. – గుణుపురం

జవాబు: ఆ సగం తీర్చడానికి ఏం చేయబోతున్నారో మీరు రాయలేదు, మాకు అర్థమైంది. పోయింది రాబట్టి మానేద్దామన్న ఆటే ఇక్కడిదాకా తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అది ఆడించేవాళ్ల మీద, ఆడినవాళ్ల మీద కాదు. కాబట్టి కేసు భయంతో దాచుకోవాల్సిన పని లేదు.

అప్పులన్నీ ఒక్క కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి. అన్నీ రాశాక భార్యకు ఒక్కసారే చెప్పండి. ఈ రోజు 80 వేలు, వచ్చే నెల 'ఇంకొకటి ఉంది' అని ముక్కలు ముక్కలుగా చెప్పేవాళ్ల సంసారాలు నిలవడం కష్టం. పోయిన డబ్బు కన్నా ఆ రెండో అబద్ధమే ఎక్కువ గాయం చేస్తుంది. పిల్లలు బడికి వెళ్లాక పగటి పూట చెప్పండి. ఆమె అక్కో, అమ్మగారో (పాస్టరు గారి భార్య) అందుబాటులో ఉండేలా చూసుకోండి. ఆమె ఏడ్చినా తిట్టినా వినండి. క్షమించానని అదే రాత్రి అనిపించుకోవాలని చూడకండి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మాట మీరు ఎత్తనే కూడదు.

జీతం ఆమె చూసే ఖాతాలోకి మార్చండి. మీ యూపీఐ రోజు పరిమితిని ఐదు వందలకు తగ్గించండి. స్నేహితుల దగ్గరికి మీరే వెళ్లి నెలకు ఇంతని చెప్పండి, వాళ్లు వెతుక్కుంటూ రాకముందే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే డబ్బు కట్టకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనిపించిన క్షణం వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఇది ప్రార్థనకు పోటీ కాదు.

ప్రశ్న: ఉజ్జీవ కూటాల్లో రహస్య పాపాలన్నీ మైకులో ఒప్పుకోమంటున్నారు. ఒప్పుకోకపోతే అభిషేకం రాదట. నిజమా? – ఒక సోదరి, బరంపురం

జవాబు: కాదమ్మా. పాపం ఎంతమందిని తాకిందో ఒప్పుకోలు అంతమంది ముందు చాలు. ఎఫెసులో మాంత్రికులు అందరి ముందు ఒప్పుకుని పుస్తకాలు తగలబెట్టారు (అపొ.కా. 19:18–19), వాళ్ల వృత్తి ఊరందరికీ తెలిసిందే గనక. ఇంటి సంగతి మైకులో చెబితే అందులో ఇంకొకరి పేరు చెప్పకనే బయటపడుతుంది. ఆ ఇంకొకరు ఒప్పుకోలేదు. ఎవరో ఫోన్లో రికార్డు చేస్తారు, తెల్లారేసరికి ఊరంతా వింటుంది. బలవంతపెడితే 'చెప్పాల్సినవాళ్లకు చెప్పాను' అని కూర్చోండి.

ప్రశ్న: రహస్య పాపం వల్ల రెండేళ్లుగా ప్రభు బల్లలో పాలుపొందడం లేదు. ఎప్పటికి యోగ్యుణ్ణవుతాను?

జవాబు: 1 కొరింథీ 11:28 ఇంకోసారి చదవండి. తన్ను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి తినాలి, తాగాలి. పరీక్షించుకుని మానేయమని లేదు. పాపం విడవడానికి ఇష్టపడకుండా బల్ల దగ్గరికి రావడం ప్రమాదం. విడుస్తూ పడుతూ లేస్తున్నవాడి కోసమే ఆ బల్ల. ఎవరికైనా బాకీ ఉంటే మత్తయి 5:24 ప్రకారం ముందు వెళ్లి సమాధానపడండి. రెండేళ్లు కాదు, రెండు రోజుల పని.

ప్రశ్న: సంఘ పెద్ద ఒకాయన సండే స్కూల్ పాప మీద చెయ్యి వేశాడు. పాస్టరు గారి దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాడట. క్షమించి కప్పేయమంటున్నారు. 'అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు' అని మాకు నేర్పింది వీళ్లే. – సండే స్కూల్ టీచరు

జవాబు: మీరే సరైన వచనం పట్టుకున్నారు. కప్పడానికి ఎవరికీ హక్కు లేదు. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి చేసిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ బాధ్యత పాస్టరు గారికీ ఉంది, మీకూ ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఈ రోజే ఫోన్ చేయండి. పాపను మీరు పదేపదే అడిగి వివరాలు రాబట్టకండి, ఆమె పేరు ఎక్కడా బయటికి రానివ్వకండి, కుటుంబానికి తోడుగా వెళ్లండి. నిజంగా మారుమనస్సు పొందినవాడైతే ఆయన స్టేషన్‌కు మీతో పాటు నడుస్తాడు. ఆయనకు మళ్లీ పిల్లల మధ్య పని ఇవ్వకూడదు, ఎన్నేళ్లైనా.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పెళ్లికి ముందు చేసిన ఒక తప్పు పన్నెండేళ్లుగా ప్రతి రాత్రీ ఒప్పుకుంటున్నాను. చెప్పిన తీరు సరిగా లేదేమోనని మళ్లీ మొదలుపెడతాను. ఒక్కోసారి రాత్రి రెండవుతుంది. చేయని పాపాలు కూడా చేశానేమో అనిపిస్తుంది. పాస్టరు గారు 'విశ్వాసం చాలదు' అన్నారు. మాది లూథరన్ కుటుంబం. – జయపురం

జవాబు: అమ్మా, విశ్వాసం చాలకపోవడం కాదు. ఒప్పుకున్నారు, విడిచారు. 1 యోహాను 1:9 ఆ మొదటి రాత్రే నెరవేరింది. ఇప్పుడు మిమ్మల్ని నిద్ర లేపుతున్నది ఆ పాపం కాదు.

మీ సంఘం పుస్తకంలోనే దీనికి మాట ఉంది. లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, దేవుని ఎదుట తెలియని పాపాలతో సహా అన్నిటికీ దోషులమని ఒప్పుకోవాలనీ, కాపరి దగ్గర మాత్రం తెలిసి మనసును బాధిస్తున్నవే చెప్పాలనీ ఉంది. లేని పాపాలు వెతికి, కల్పించి, ఒప్పుకోలును హింసగా మార్చుకోవద్దని కూడా అందులోనే ఉంది. కుర్రతనంలో గంటల తరబడి ఒప్పుకుంటూ కూర్చున్న మనిషి రాసిన మాట అది, తెలిసే రాశాడు.

ఆపుదామన్నా ఆగకుండా అదే ఆలోచన తిరగడం, సరిగా చెప్పలేదేమోనని మళ్లీ మొదలుపెట్టడం, దాంతో నిద్ర లేకపోవడం ఓసీడీ అనే జబ్బు లక్షణాలు కావచ్చు. దీనికి వైద్యం ఉంది. జయపురంలో మానసిక వైద్యుడు దొరక్కపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మీరు రాసినట్టే రాసుకుని తీసుకెళ్లండి: ఎన్నేళ్లు, రాత్రికి ఎంతసేపు, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెడతారు. మందు ఇస్తే ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, రెండు వారాలకే పని చేయలేదని ఆపకండి.

ఈలోగా ఒప్పుకోలు ప్రార్థన రోజుకు ఒకసారి, అదీ పగలు, ఐదు నిమిషాలు. పరలోక ప్రార్థనలో 'మా ఋణములు క్షమించుము' అన్న మాట చాలు, అందులో అన్నీ వచ్చాయి. రాత్రి మళ్లీ చెప్పాలనిపిస్తే చెప్పకుండా ఉండిపోండి. మొదటి వారం గుండె దడదడలాడుతుంది, అరగంటో గంటో ఉండి తగ్గుతుంది. మీ భర్తను గానీ పాస్టరు గారిని గానీ 'నన్ను దేవుడు క్షమించాడంటారా' అని పదేపదే అడగడం కూడా ఆపాలి. వాళ్లిచ్చే ధైర్యం పూటకే సరిపోయి జబ్బును పెంచుతుంది. ఈ పేజీ మీ పాస్టరు గారికి చూపించండి.